అవునన్నదెవరు?

కళ్ళు మూసుకోండి, అన్నాడు మొగుడు. హాల్లో ఉన్న ముప్పై మందికీ చెప్పినట్టే ఆమెకీ చెప్పాడు, ఆమె మూసుకుంది, మూసుకున్నాక అనుమానమొచ్చింది, ఎందుకు మూసుకున్నాను, అతను చెప్పాడనా, చుట్టూ అందరూ మూసుకున్నారనా, లేకపోతే ఇందాక అతని నోట్లోంచి వచ్చిన ఆ మాట విన్నాక ఇంక ఆ మొహం చూడలేకనా. కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే యంత్రం గుర్రుమని మొదలై ఆగింది. వారం పొడుగునా పిల్లలకి డాన్సు నేర్పే హాలు ఇది, శనివారం పొద్దున అద్దెకిస్తారు, ఒక గోడంతా అద్దమే, ఆ అద్దం పుణ్యమా అని పొద్దుటి నుంచీ ఆమెకి ఇద్దరు మొగుళ్ళు కనిపిస్తున్నారు, ఒకడు ఎదురుగా, ఒకడు పక్కవాటుగా, ఒకడు కుడిచెయ్యి ఎత్తితే ఇంకొకడు ఎడమచెయ్యి ఎత్తుతూ. కళ్ళు మూసుకుంటే ఇద్దరూ పోయారు. గొంతు మిగిలింది. మెల్లగా ఊపిరి తీసుకోండి, అంటోంది గొంతు, మీ జీవితంలో మీరు చాలా సంతోషంగా ఉన్న ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్కటి, గుర్తు తెచ్చుకోండి, తొందరేం లేదు, దాని రంగులు చూడండి, చప్పుళ్ళు వినండి, దాని లోపలికి వెళ్ళి నిలబడండి, ఆ సంతోషం నిండుగా వచ్చినప్పుడు మీ మణికట్టు మీద ఒకచోట వేలితో నొక్కండి, అదే మీ లంగరు, తర్వాతెప్పుడు అక్కడ నొక్కినా ఆ సంతోషం తిరిగొస్తుంది. లంగరు అనే మాట దగ్గర ఆమె ఎడమచెయ్యి దానంతటది ఒళ్ళో ఉన్న సంచి కిందికి దూరింది.

ఆ మాట ఇది. తరగతి మొదలైన కాసేపటికి, బల్ల అంచున కూర్చుని, నీళ్ళ సీసా మూత తిప్పుతూ, పక్కింటి కబురు చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. నేను ఇది నేర్చుకుంటున్న కొత్తల్లో నాకు చాలా దగ్గరి మనిషి ఒకరుండేవారు, ఆ మనిషి నవ్వినప్పుడల్లా, నిజంగా పగలబడి నవ్వినప్పుడల్లా, మణికట్టు ఎముక మీద ఇలా రెండు వేళ్ళు ఆనించేవాణ్ణి, ఎందుకో ఆ మనిషికి తెలీదు, నెలల తరబడి చేశాను, తర్వాత ఆ మనిషి తండ్రి పోయాడు, ఆస్పత్రి వరండాలో ఏడుపు ఆగట్లేదు, ఎవరు ఓదార్చినా ఆగట్లేదు, నేను వెళ్ళి అదే చోట అవే రెండు వేళ్ళు ఆనించాను, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. హాలంతా అబ్బ అంది. ఆమె కూడా అందరితో పాటు అబ్బ అనబోయింది, ఎవరో పాపం అనుకుంటూ అనబోయి, ఆ వరండాలో బెంచీ ఆకుపచ్చగా ఉండేదని గుర్తొచ్చి ఆగింది. ఆకుపచ్చ బెంచీ. కాళ్ళ దగ్గర ఎవరో వదిలేసిన చెప్పు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి నర్సు చేతికిచ్చిన నాన్న కళ్ళజోడు. ఒకరుండేవారట. ఉండేవారంటే ఇప్పుడు లేనట్టా. అప్పుడే అతను అద్దంలోంచి ఆమె వైపు చూసి నవ్వాడు, చూశావా నిన్నెంత గొప్పగా చెప్పానో అన్నట్టు, తప్పు చేసినవాడి నవ్వు కాదది, బహుమతి ఇచ్చినవాడి నవ్వు, ఆ నవ్వులో ఎడమవైపు ముందు పన్ను ఆమె చేసిందే.

అలాగే పరిచయం మరి. ఆమె పని చేసేది కట్టుడు పళ్ళ ల్యాబులో, డాక్టర్లు అచ్చులు పంపిస్తే సిరామిక్ పొడి తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, ఫర్నేసులో కాల్చి, అసలు పన్నుకి కవల పుట్టినట్టు చేసిస్తుంది. అతను అప్పుడు నీళ్ళ పంపుల కంపెనీలో పంపులు అమ్మేవాడు, పంపు గొట్టం ఎగిరి తగిలి పన్ను విరగ్గొట్టుకున్నాడు, రంగు కుదరట్లేదని డాక్టరు అతన్నే ల్యాబుకి పంపాడు. కిటికీ పక్కన, ఎండ వెలుగులో, నోరు తెరుచుకుని కూర్చున్నాడు గంటసేపు, ఆమె నమూనా పళ్ళ వరస అతని పెదవి కింద పెట్టి ఒక్కొక్కటే పోల్చి చూస్తోంటే, పాపం చెవులదాకా ఎర్రబడి, మాట్లాడాల్సిన పని లేనందుకు ఎంతో హాయిగా. నోరు తెరిచి ఒక్క మాటా అనని మగవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదే, అందుకే నచ్చాడు అంది అక్కతో. అక్క అంది, నోరు మూసుకున్నాక కూడా ఒకసారి చూసుకోవే, అని. చూసుకుంది. నలుగురి ముందు నిలబడితే నాలుక పిడచగట్టుకుపోయేది అతనికి, కంపెనీ మీటింగుల్లో తన పేరు తను చెప్పడానికి తడబడేవాడు, దుకాణంవాడు చిల్లర తక్కువిస్తే అడగలేక ఇంటికొచ్చేవాడు. అలాంటివాడు ఎక్కడో ఇలాంటి పరిచయ తరగతికే వెళ్ళొచ్చాడు ఒకరోజు, కళ్ళు మెరుస్తూ. ఇప్పుడు ముప్పై మంది అతని మాట మీద కళ్ళు మూసుకున్నారు, ఆ పన్నుతోనే, అది కట్టుడు పన్నన్న సంగతి అతనే మర్చిపోయాడు, జామకాయలు దాంతోనే కొరుకుతాడు. కొరికితే తెగుతోందిగా, అనిపించింది ఆమెకి, చేసిన పన్నైతే ఏం, పుట్టిన పన్నైతే ఏం, తెగడమే కదా కావాల్సింది, అలాగే ఆ రోజు ఏడుపు ఆగింది, ఆగడమే కదా కావాల్సింది. అని ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో ఆలోచన, కానీ అది కట్టుడు పన్నని చెప్పే పెట్టాను కదా నేను.

రంగులు చూడండి, అంటోంది గొంతు. ఏ రంగులు. పక్క కుర్చీలో బీమా ఏజెంటు ముక్కుతో ఈల వేస్తున్నట్టు ఊపిరి తీస్తున్నాడు, భారీ మనిషి, ఇందాక జతలు కట్టి చేసిన అభ్యాసంలో ఆమెకి జత. ఎదుటివాళ్ళు ఎలా కూర్చుంటే అలా కూర్చోండి, వాళ్ళ గొంతు తగ్గితే మీరూ తగ్గించండి, వాళ్ళకి తెలియకుండానే మీరు వాళ్ళకి దగ్గరవుతారు అని మొగుడు చెప్పగానే ఆయన మహా శ్రద్ధగా ఆమె కాలు మీద కాలు వేసుకుంటే తనూ వేసుకోబోయి కుర్చీ కోడు తన్ని, అయ్యో, అన్నాడు, ఆమె కూడా అయ్యో అంది, అభ్యాసం కుదిరిందండోయ్ అని నవ్వాడు. మీరూ కొత్తేనా అమ్మా అని అడిగాడు. కొత్తేనండీ అంది. ఎందుకు అబద్ధం చెప్పిందో. అబద్ధమేనా అది. పొద్దున బ్యానరు ఎడమ కొస తనే కట్టింది, ఆత్మవికాసానికి ఎన్నెల్పీ, కింద చిన్నక్షరాల్లో న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్, పరిచయ తరగతి, ప్రవేశం ఉచితం, కానీ లోపల కూర్చుని వినడం ఇదే మొదలు, ఇన్నేళ్ళూ అతను పిలవలేదు, ఆమె అడగలేదు, వంటింట్లోకి వినిపించే రేడియోలా విన్నది తప్ప. మాకూ మాటలతోనే పనండీ, అన్నాడు ఏజెంటు, చావు గురించి మాట్లాడుతూ ఎదుటివాణ్ణి నవ్వించాలి, అది మా కష్టం. ఆమెకి ఆయన నచ్చాడు. చేసేది చెప్పే చేస్తున్నాడు కదా, ఇదిగో నీలాగా కూర్చుంటున్నాను చూడు అని. మరి ఇంట్లో, సోఫాలో, ఆమె తల కుడివైపు వాలిస్తే అతనూ కుడివైపు వాల్చినప్పుడు, ఆమె ఊఁ అంటే అతనూ అదే శ్రుతిలో ఊఁ అన్నప్పుడు, ఇద్దరం ఒక్కలా తయారవుతున్నాం అని మురిసిపోయింది కదా, పదేళ్ళు కాపురం చేస్తే మొహాలు కలుస్తాయంటారు, అదే అనుకుంది.

సోఫా. ఒక్క క్షణం అంటే అదే. అడక్కుండానే వచ్చి కూర్చుంది కళ్ళ ముందు. కొత్తగా కొన్న సోఫా, ఇటుక రంగుది, మూడో అంతస్తు దాకా మోసుకొచ్చాక తలుపులో పట్టలేదు, నిలువుగా పెట్టినా, అడ్డంగా పెట్టినా, ఏటవాలుగా పెట్టి శాపనార్థాలు పెట్టినా పట్టలేదు, మోసినవాళ్ళు మా పని అయిపోయిందని వెళ్ళిపోయారు, చివరికి మెట్ల మలుపులో దాన్ని దించి ఇద్దరూ దాని మీదే కూలబడ్డారు, సాయంత్రమంతా. పై అంతస్తులవాళ్ళు దిగుతూ ఎక్కుతూ, వీళ్ళ హాల్లోకి వచ్చినట్టు, బాగున్నారా అంటూ, కూర్చోండి అని అతను అంటే ఒక పెద్దాయన నిజంగానే కూర్చుని బిస్కెట్లు తిని, ఇల్లు బాగా పెట్టుకున్నారమ్మా అని లేచి వెళ్ళాడు, అప్పుడు నవ్వింది ఆమె, పొట్ట పట్టుకుని, ఊపిరాడక, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ, బిస్కెట్టు పొడి అంతా ఒంటి మీద. అప్పుడు అతని చెయ్యి ఎక్కడుంది. ఇక్కడ ఆగింది మనసు, మేకుకి గుడ్డ తగులుకున్నట్టు. ఎక్కడుంది చెయ్యి. మణికట్టు మీద రెండు వేళ్ళు చూడాలనుకుంటే కనిపిస్తున్నాయి, చల్లగా, చూపుడువేలు, మధ్యవేలు. లేవనుకుంటే లేవు, రెండు చేతులూ అతని మోకాళ్ళ మీదే ఉన్నాయి. గుర్తు చేసుకునేటప్పుడు కళ్ళు ఒక పక్కకి, కల్పించుకునేటప్పుడు ఇంకో పక్కకి పోతాయని ఈ విద్యలో చెప్తారు, కానీ పరీక్షలు పెట్టి చూస్తే అది నిలబడలేదు, దాన్ని నమ్ముకుని ఎవరినీ అబద్ధాలకోరని అనకండి, అన్నాడు పొద్దున, నిజాయితీగానే అన్నాడు. మూసిన రెప్పల కింద ఆమె కనుగుడ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఏ పక్కకి పోయినా ఒకటేనట.

సోఫా ముందా, ఆ తరగతి ముందా. ఇదొక్కటి తేలితే చాలు అనిపించింది ఆమెకి, ఎందుకో తెలీదు కానీ ఇదే కీలకం అనిపించింది. సోఫా ముందైతే ఆ నవ్వు నాది, ఎవరూ దాన్ని వాడుకోలేదు. తరగతి ముందైతే నేను నవ్వుతుంటే ఎవరో పక్కన కుండ పట్టుకుని నిలబడ్డట్టు. సోఫా కొన్నప్పుడు అతను ఇంకా పంపుల కంపెనీలోనే ఉన్నాడు, అది ఖాయం, మోసినవాళ్ళకి తాళ్ళు కంపెనీ గోడౌను నుంచే తెచ్చాడు. కానీ తరగతికి వెళ్ళింది కూడా కంపెనీలో ఉండగానే. వెళ్ళొచ్చిన రోజు బాత్రూం అద్దం ముందు నిలబడి తన పేరు తనే గట్టిగా చెప్పుకోవడం విన్నది, తలుపు బయట తువ్వాలు పట్టుకుని, లోపల ఎవరో ఉన్నారనుకుంది. ఆ తువ్వాలు తెచ్చింది గదిలోంచా, మెట్ల మలుపులో సోఫా మీద ఆరేసిన చోటునుంచా. రెండ్రోజులు అక్కడే ఉంది కదా సోఫా, తలుపు చట్రం విప్పించేదాకా. తువ్వాలు సోఫా మీద ఆరేశామా. మనం చూసేది లోకాన్ని కాదు, లోకం గురించి మనం గీసుకున్న పటాన్ని, పటాన్ని చూసి ఊరనుకుంటాం, అన్నాడు పొద్దున, ఎన్నెల్పీలో మొదటి పాఠం ఇదే, మెదడూ, మాటా, అలవాటూ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి, పటం మారిస్తే మనిషి నడిచే దారి మారుతుంది. బాగుంది అనుకుంది అప్పుడు. ఇప్పుడేమో ఇన్నేళ్ళూ తను కాపురమున్న వీధి ఎవరో గీసిచ్చిన పటమేమో అనిపిస్తోంది, మలుపు తిరిగితే ఇల్లు ఉంటుందో ఉండదో.

ఎందుకంటే ఆ వరండా మామూలు జ్ఞాపకం కాదు. అది ఇంటికి వాసం లాంటిది. ఎన్ని గొడవలు పడ్డా, పక్కమీద అటు తిరిగి ఒకరు ఇటు తిరిగి ఒకరు పడుకున్నా, చివరికి ఆమె తనకి తను చెప్పుకునే మాట ఒకటే, అయినా సరే, నాన్న పోయిన రోజు ఈ మనిషి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క మాటైనా అనలేదు. ధైర్యం చెప్పలేదు, అందరూ పోవాల్సినవాళ్ళమే అనలేదు. ఊరికే పట్టుకున్నాడు, పట్టుకోగానే ఛాతీలో ఎక్కడో కిటికీ తెరిచినట్టు గాలి ఆడింది, నాన్న నవ్వేవాడు కదా, అది గుర్తొచ్చింది, పని నుంచి వచ్చి దుమ్ము తుడుచుకుంటూ నవ్వే నాన్న. ప్రేమంటే ఇదే అనుకుంది. అక్కకి కూడా చెప్పింది, అక్క కూడా, పోనీలే, అంది. మరి ఆగిన ఏడుపు ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న ఇంతవరకు రాలేదు ఆమెకి, ఇప్పుడొచ్చింది, కింద గాలి యంత్రం మళ్ళీ గుర్రుమన్నప్పుడు. ఆ తర్వాత నాన్న కోసం ఏడవలేదు తను. ఏడుపు రాక కాదు, వచ్చినట్టే వచ్చి గొంతు దగ్గర ఆగిపోయేది, తట్టుకున్నాను, గట్టిదాన్ని అనుకుంది. కట్టేసిన కుళాయి ఎవరు విప్పాలి. కట్టినవాడికి విప్పడం గుర్తుందా. పరీక్షలో పాసయ్యానన్న సంబరంలో మర్చిపోయాడా. ఛ, అలా అనకూడదు, అతను పోయిన ఏడాది లిఫ్టంటే వణికిపోయే ఒకావిడ చేత పది అంతస్తులు ఎక్కించాడు, ఆవిడ కొడుకు ఫోన్ చేసి ఏడ్చాడు కృతజ్ఞతతో, మోసగాడు కాదు, నా మొగుడు మోసగాడు కాదు, మోసగాడైతే ఎంత తేలిక, ఈపాటికి లేచి వెళ్ళిపోయేదాన్ని.

సోమవారం కొత్త మనిషి వస్తోంది ల్యాబుకి, ఆమె బల్ల దగ్గర కూర్చోడానికి.  పోయిన ఆదివారం బాల్కనీలో దుప్పటి ఆరేస్తోంటే వచ్చాడు, ఈ తరగతులు పెట్టే సంస్థ పెద్దాఫీసు వాళ్ళు పిలుస్తున్నారు, వేరే ఊరు, పెద్ద పని, వెళ్దామా అన్నాడు. సరే అంది. అంత తేలిగ్గా. సిరామిక్ విభాగమంతా నీకే అప్పజెప్తాను అని ల్యాబు పెద్దావిడ చెప్పి నెలైనా కాలేదు, ఆ సంగతి ఆ క్షణంలో గుర్తే రాలేదు, సరే అనేసింది, మర్నాడు వెళ్ళి మానేస్తున్నానండీ అని చెప్పేసింది, పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, అంతే. సరే అన్నప్పుడు అతని చెయ్యి ఎక్కడుంది? తడి దుప్పటి ఇద్దరి మధ్యా వేలాడుతోంది, క్లిప్పులు ఆమె చేతిలో ఉన్నాయి, ఆ క్లిప్పులు పట్టుకున్న చెయ్యి మీద అతని చెయ్యి వచ్చిందా, దుప్పటి సర్దడానికి వచ్చిందా, రాలేదా. మళ్ళీ అదే, రెండు బొమ్మలూ ఒకే ఎండలో, ఒకేలా స్పష్టంగా. అక్కకి ఫోన్ చేస్తే, చెయ్యి పట్టుకుని అడిగాడా, కాళ్ళు పట్టుకుని అడిగాడా అని నవ్వి, సరే అనడం నీకు పుట్టుకతో వచ్చిన రోగమేలే, చిన్నప్పుడు నా చెప్పులు నువ్వేసుకో, నీవి నాకివ్వు అంటే కూడా సరే అనేదానివి అంది. నిజమే. అక్కకి ఎన్నెల్పీ రాదు. అక్క ఎక్కడా వేళ్ళు ఆనించలేదు. అయితే ఆ సరే నాదేనా, నాకు మొదటి నుంచీ ఉన్నదేనా, అతను ఆనించినా ఆనించకపోయినా అనేదాన్నేనా, అదైతే ఇంకా ఘోరం కదా, తప్పు నెట్టడానికి కూడా మనిషి లేడు.

ఇప్పుడు మెల్లగా కళ్ళు తెరవండి, అంది గొంతు. తెరిచింది. చెంపలు తడిగా ఉన్నాయని అద్దంలో చూసుకుంటే తెలిసింది. బీమా ఏజెంటు చేతిరుమాలు అందిస్తూ, సంతోషమేనా అమ్మా, అన్నాడు గుసగుసగా. తెలీదండీ, అంది. ఆయన తల పంకించాడు, తెలీదనేది కూడా ఒక రకం సంతోషమే అయినట్టు. ఎవరెవరికి ఎలా అనిపించిందో చెప్పండి అన్నాడు మొగుడు, ఒకాయన సముద్రం కనిపించిందన్నాడు, ఒకమ్మాయికి నిద్ర పట్టిందట, అందరూ నవ్వారు. అప్పుడు ముందు వరసలో సన్నగా, నిటారుగా కూర్చున్న లెక్కల టీచరు చెయ్యెత్తింది. ఇది ఎదుటివాళ్ళకి చెప్పకుండా చెయ్యొచ్చాండీ? అతను ఎప్పటి జవాబు ఎప్పటిలాగే మొదలెట్టాడు, ఉద్దేశం మంచిదైతే, అని. అది కాదండీ, అంది టీచరు, పిల్లలకి లెక్క తప్పినా పద్ధతి చూపిస్తే మార్కులు వేస్తాను, జవాబు సరిపోయినా పద్ధతి దాస్తే వెయ్యను, అందుకని అడుగుతున్నాను, మీరు ఇందాక చెప్పారే, ఆ దగ్గరి మనిషి, వాళ్ళకి తర్వాతైనా చెప్పారా? అతను నోరు తెరిచాడు. ఆమెకి కిటికీ పక్కన ఎండ వెలుగులో తెరిచిన ఆ నోరే కనిపించింది. చెవులు ఎర్రబడ్డాయి. నీళ్ళ సీసా తీసుకున్నాడు, తాగలేదు, పెట్టేశాడు. అద్దంలో వాడూ పెట్టేశాడు. ఏదో ఒక చమత్కారం చేసి తప్పించుకుంటాడు, అది అతనికిప్పుడు వచ్చు, అనుకుంది ఆమె, తప్పించుకోవాలని కోరుకుందో, దొరికిపోవాలని కోరుకుందో, ఆమెకే తెలీదు. లేదండీ, అన్నాడు అతను. ఇవాళే చెప్పాను. ఇక్కడ, మీ అందరితో పాటే. చెప్పే పద్ధతి ఇది కాదు. నాకు ఇప్పుడే తెలిసింది. ముప్పై తలలూ ఒక్కసారి ఆ దగ్గరి మనిషి ఎవరా అని తిరిగాయి, ఏజెంటు ఆమెని చూసి, రుమాలు చూసి, కుర్చీలో బరువుగా వెనక్కి వాలి, అమ్మా, అన్నాడు.

తరగతి ఎలాగో ముగిసింది. ఎప్పుడూ చివర్లో అసలు కోర్సుకి పేర్లు రాయించుకోండి అని చెప్పేవాడు ఇవాళ చెప్పలేదు. జనం మెట్లు దిగిపోయాక, ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎత్తుతూ, ఇద్దరూ చెరో వరస నుంచి మొదలెట్టి మధ్యలో కలిశారు.

"నాన్న గురించి చెప్తావని నాకు చెప్పలేదు."

"పేరు చెప్పలేదుగా."

"నాకు చెప్పలేదన్నాను."

అతను చేతిలో కుర్చీ దించాడు. ఆమె అడిగింది, "ఆ రోజు పని చేస్తుందా లేదా అని చూశావా?"

"చూశాను. నువ్వు అలా ఏడుస్తుంటే నాకేం చెయ్యాలో తోచలేదు. నీళ్ళు తెచ్చాను, తాగలేదు. ఏమన్నా అందామంటే నోరు రాలేదు, నా సంగతి నీకు తెలుసుగా. నాకు కొత్తగా వచ్చిన విద్య అదొక్కటే. పట్టుకున్నాను. ఆగిపోయావు. సంతోషమేసింది. లోపల మీ నాన్న అలా ఉన్నాడు, బయట నాకు సంతోషం, పని చేసిందని. తర్వాత సిగ్గుతో అన్నం సయించలేదు."

"ఆ సిగ్గు సంగతి ఇక్కడ చెప్పలేదేం మరి?"

"చెబితే ఒక్కడూ చేరడు."

నవ్వొచ్చింది ఆమెకి. రాకూడని చోట, తన్నుకుంటూ వచ్చింది. అతని కుడిచెయ్యి అలవాటుగా ముందుకొచ్చి, గాల్లో ఆగి, ఎక్కడికి పోవాలో తెలియక జేబులోకి పోయింది, ఆ చెయ్యిని చూస్తే జాలేసింది ఆమెకి, ఇంక ముందు ఇలాగే కదా, రావాలా వద్దా అని ప్రతిసారీ ఆలోచించుకుని వస్తుంది, ఆలోచించుకుని వచ్చిన చెయ్యి చెయ్యిలా ఉంటుందా, ఆలోచించకుండా వచ్చిందైతే తను నమ్ముతుందా.

"ఊరు మారదామా అని అడిగినప్పుడు, బాల్కనీలో, చెయ్యి వేశావా?"

అతను నిజంగా ఆలోచించాడు, నుదురు ముడిపడింది. "గుర్తులేదు. ఒట్టు. ఎప్పుడు చేస్తున్నానో, ఎప్పుడు ఊరికే పట్టుకుంటున్నానో నాకే తెలియడం మానేసి చాలా ఏళ్ళైంది. మొదట్లో లెక్కపెట్టి చేసేవాణ్ణి. తర్వాత చెయ్యి దానంతటది పోయేది. అది అలవాటో, ఇష్టమో, విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు."

ఆమె కుర్చీల వరసకి ఆనుకుని నిలబడింది. కోపం రావాలి ఇప్పుడు, అనుకుంది, ఎదురుచూసింది, కోపం కొంచెం వచ్చింది, దాని వెనకే ఇంకేదో వచ్చింది, దానికి పేరు దొరకలేదు.

"అయితే మళ్ళీ అడుగు," అంది. "అంత దూరంలో నిలబడి, జేబుల్లోంచి చేతులు తియ్యకుండా."

అతను కిటికీ దాకా వెళ్ళి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. హాలు నిండా వినిపించే గొంతు కాదది, పంపుల కంపెనీనాటి గొంతు. "ఆ ఊరు... వెళ్దామా మనం? అంటే, నీకిక్కడ పనుంది. పెద్దావిడ ఆ విభాగం నీకిస్తానంది, నేను ఆ మాట ఎత్తలేదు, ఎత్తాల్సింది. నాకు వెళ్ళాలనుంది. నువ్వు రానంటే నేనూ వెళ్ళను. ఏమో, వెళ్తానేమో. బెంగపెట్టుకుంటాను. ఇంకేం చెప్పాలో తెలీట్లేదు."

ఆమె జవాబు కోసం లోపలికి చూసుకుంది. సరే అనేది ఎప్పుడూ నాలుక చివరే ఉండేది, ఇవాళ అక్కడ లేదు. వద్దు ఉందేమో అని చూసింది, అదీ లేదు. సిరామిక్ పొడి వాసన ఉంది, ఆకుపచ్చ బెంచీ ఉంది, బిస్కెట్టు పొడి ఉంది, ఎదురుగా జేబుల్లో చేతులు పెట్టుకుని బడిలో లెక్క తప్పిన పిల్లాడిలా నిలబడ్డ మనిషి ఉన్నాడు, ఇవన్నీ తనవే, వీటిల్లోంచి అవునో కాదో ఒక్క మాట లాగమంటే ఏ కొస లాగాలో తెలీట్లేదు.

"తెలీదు," అంది.

 ఎదుటివాళ్ళు ఆగితే అందించడానికి అతని దగ్గర వంద మాటలుంటాయి, ఒక్కటీ అందించలేదు. ఫోన్ తీసి ఆమె అతని ముందే ల్యాబుకి చేసింది. "సోమవారం ఆ అమ్మాయిని అప్పుడే రావద్దని చెప్పండి," అంది.

"అంటే, మానట్లేదా నువ్వు?" అంది పెద్దావిడ.

"అదీ తెలీదండీ."

"నీకేమన్నా అయిందా? సరే, కోరపన్ను ఒకటి పగిలి తిరిగొచ్చింది, రంగు నాకు దొరకట్లేదు, ముందు నువ్వు రా."

సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. సగం దిగాక గోడకి చెయ్యి ఆనించి నిలబడింది, నాన్నా, అనుకుంది, అని చూసింది, ఈసారి గొంతు దగ్గర ఆగలేదు. ఏడుపు వచ్చింది, చప్పుడు చేస్తూ, టైర్ల దుకాణంవాడు తలెత్తి చూసేంతగా. అతను చుట్టిన బ్యానరు చంకలో పెట్టుకుని నాలుగు మెట్ల పైనే ఆగిపోయాడు, దిగనూలేదు, తిరిగి పోనూలేదు. చాలాసేపు ఏడ్చింది. అతను అక్కడే ఉన్నాడు, చేతులు బ్యానరుకి గట్టిగా చుట్టుకుని.

మొహం తుడుచుకుని ఆమె కదిలింది. వీధిలోకి వచ్చాక వెనక నుంచి అడిగాడు, "మళ్ళీ ఎప్పుడు అడగను?"

"సాయంత్రం అడుగు. రేపూ అడుగు."

"ఎన్నాళ్ళు?"

"నాకు తెలిసేదాకా," అని బస్సు వస్తోంటే రోడ్డు దాటింది.